టైడల్ బేసిన్ చెర్రీ పూలు: ఏ రోజు, ఏ వేళ, ఏ దారిన (నా అనుభవం)

మార్చి మొదలైతే చాలు, డీసీ పక్కన వర్జీనియాలోని ఆష్‌బర్న్, హెర్న్‌డన్, చాంటిల్లీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: "ఈసారి పీక్ ఎప్పుడట?" వాషింగ్టన్ డీసీలో చెర్రీ పూలు చూడటానికి అసలు కష్టం అక్కడే ఉంది. చోటు అందరికీ తెలిసిందే, టైడల్ బేసిన్ అనే కొలను గట్టు. తేదీ, ఆ తేదీలో వేళ, ఈ రెండూ కుదిరితే మిగతాదంతా సులువు. కుదరకపోతే మూడు గంటలు ట్రాఫిక్‌లో కూర్చుని, జనం భుజాల మీదుగా పూలు చూసి రావాలి.

ముందు పీక్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. టైడల్ బేసిన్ చుట్టూ ఉన్న యోషినో రకం చెట్ల పూలలో 70 శాతం విచ్చుకున్న రోజును నేషనల్ పార్క్ సర్వీస్ (ఆ చెట్లను చూసుకునే ప్రభుత్వ సంస్థ) పీక్ బ్లూమ్‌గా ప్రకటిస్తుంది. అంటే అది లెక్క కోసం పెట్టుకున్న గుర్తు. ఆ ఒక్క రోజే చూడాలని ఏమీ లేదు. ఆ రోజుకు రెండు రోజుల ముందు వెళ్లినా చెట్లు నిండుగానే కనిపిస్తాయి. తర్వాత వాతావరణం చల్లగా, గాలి లేకుండా ఉంటే పూలు మరో నాలుగైదు రోజులు నిలుస్తాయి. ఎండ ముదిరినా, గాలివాన వచ్చినా రెండు రోజుల్లో రేకలన్నీ నేల మీదే.

ఇటీవలి తేదీలు చూడండి. 2021లో మార్చి 28, 2022లో మార్చి 21, 2023లో మార్చి 23, 2024లో మార్చి 17, 2025లో మళ్లీ మార్చి 28. రికార్డుల్లో అన్నిటికన్నా ముందు వచ్చింది 1990లో, మార్చి 15న. అన్నిటికన్నా ఆలస్యం 1958లో, ఏప్రిల్ 18న. నెలకు పైగా తేడా! 1921 నుంచి నమోదవుతున్న తేదీలను కలిపి చూస్తే ఇప్పుడు సగటున దాదాపు వారం ముందే పూస్తున్నాయి. అందుకే పాత పుస్తకాల్లో రాసిన "ఏప్రిల్ మొదటి వారం" అన్న మాటను ఇప్పుడు నమ్ముకోలేం. కొన్నేళ్లు ఉగాదీ పూతా పక్కపక్కనే పడతాయి. 2023లో ఉగాది మార్చి 22, పీక్ ఆ మర్నాడే. 2025లో పీక్ అయిన రెండో రోజు ఉగాది. కానీ 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, అప్పటికి యోషినో చెట్లన్నీ ఆకులు తొడిగేశాయి. పండగను చూసుకుని ప్రయాణం పెట్టుకోవడం కుదరదు. నేషనల్ చెర్రీ బ్లాసమ్ ఫెస్టివల్ తేదీలను చూసుకున్నా అంతే. ఆ పండగ మార్చి 20 ప్రాంతంలో మొదలై ఏప్రిల్ మధ్యదాకా సాగుతుంది. పరేడ్ జరిగే రోజుకు చెట్లు ఏ దశలోనైనా ఉండొచ్చు. పైగా ఆ రోజు కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ మూసేస్తారు కాబట్టి పూల కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజును వదిలేయడం మేలు.

మరి తేదీ ఎలా పట్టుకోవాలి? పార్క్ సర్వీస్ మార్చి మొదట్లో ఒక అంచనా ఇస్తుంది. దాన్ని నేను సూచనగానే తీసుకుంటాను. పీక్‌కు పది రోజుల ముందుదాకా కచ్చితంగా చెప్పడం దాదాపు అసాధ్యమని ఆ సంస్థే చెబుతుంది. నేను నమ్మేది మొగ్గ దశలను. వాటిని పార్క్ సర్వీస్ వరసగా ప్రకటిస్తుంది. మొదటిది గ్రీన్ బడ్, గోధుమరంగు మొగ్గ కొనన పచ్చదనం తొంగిచూడటం. తర్వాత ఫ్లోరెట్స్ విజిబుల్: మొగ్గ విప్పారి లోపల చిన్న చిన్న పూమొగ్గల గుత్తి కనిపిస్తుంది. ఇక్కడి నుంచి పీక్‌కు సగటున 16 నుంచి 21 రోజులు. మూడోది ఎక్స్‌టెన్షన్, ఆ గుత్తి బయటికి సాగుతుంది, ఇంకా 12 నుంచి 17 రోజులు. నాలుగోది పెడంకల్ ఎలాంగేషన్, పూమొగ్గల తొడిమలు పొడవెక్కి కిందికి వేలాడతాయి, 5 నుంచి 10 రోజులు. చివరిది పఫ్ఫీ వైట్: మొగ్గలు తెల్లగా ఉబ్బి ఇవాళో రేపో విచ్చుకునేలా ఉంటాయి, 4 నుంచి 6 రోజులు.

నాలుగో దశ ప్రకటన రాగానే ఆఫీసులో సెలవు గురించి మాట్లాడుకోవచ్చు. పఫ్ఫీ వైట్ అన్న రోజున తేదీ ఖాయం చేసుకోవచ్చు. అప్పుడు వచ్చే వారం వాతావరణం చూసుకుని, నాలుగో రోజు నుంచి ఏడో రోజు లోపల వాన లేని పనిరోజు ఒకటి ఎంచుకుంటే చాలావరకు గురి తప్పదు. పగటి ఉష్ణోగ్రతలు 20 డిగ్రీల సెల్సియస్ దాటుతాయని ఉంటే అనుకున్నదానికన్నా ఒక రోజు ముందే వెళ్లాలి. చలి తిరగబెడుతుందని ఉంటే ఒకటి రెండు రోజులు ఆగొచ్చు. ట్రస్ట్ ఫర్ ది నేషనల్ మాల్ (డీసీ నడిబొడ్డున ఉన్న పెద్ద పచ్చిక మైదానం పేరు నేషనల్ మాల్) వాళ్ల బ్లూమ్‌క్యామ్ అనే లైవ్ కెమెరాలో చెట్లు ప్రత్యక్షంగా కనిపిస్తాయి, బయల్దేరే ముందు రాత్రి అది ఒకసారి చూసుకుంటే చాలు. బేసిన్ దగ్గర ఒక చెట్టును ఇండికేటర్ ట్రీ అంటారు, అది మిగతావాటికన్నా వారం పది రోజులు ముందే పూస్తుంది. ఆ ఒక్క చెట్టు ఫొటో చూసి "పూసేశాయి, పదండి" అని గ్రూపుల్లో ఏటా ఎవరో ఒకరు కంగారు పెడతారు. నమ్మకండి.

ఆఖరి రెండు దశల్లో భయమల్లా గడ్డకట్టే చలి గురించే. ఉష్ణోగ్రత 27 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మైనస్ 3 సెల్సియస్ దగ్గరికి, పడితే పూలు దెబ్బతినడం మొదలవుతుంది. 24కు పడితే తొంభై శాతం దాకా మాడిపోతాయి. 2017 మార్చిలో అదే జరిగింది. ఫిబ్రవరి వెచ్చదనానికి మొగ్గలు తొందరపడి బయటికొచ్చాయి, మార్చి మధ్యలో మంచు కురిసి చలి పట్టింది. అప్పటికే పఫ్ఫీ వైట్‌కు చేరిన యోషినో పూలలో దాదాపు సగం గోధుమరంగుకు తిరిగి రాలిపోయాయి. అలాంటి సూచన కనిపించిన ఏడాది తొందరపడి టికెట్లు కొనకండి. డాలస్ నుంచో షికాగో నుంచో విమానంలో వచ్చేవాళ్లయితే, తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకుని మార్చి ఆఖరి వారం చుట్టూ పెట్టుకోవాలి. అంతకుమించి ఎవరూ భరోసా ఇవ్వలేరు.

ఇక వేళ. పనిరోజు, సూర్యోదయం. ఇందులో నాకు రెండో మాట లేదు. మార్చి చివర డీసీలో సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో. ఆరున్నరకల్లా గట్టు మీద ఉంటే కెమెరా స్టాండ్లు పట్టుకున్న ఫొటోగ్రాఫర్లూ, పరుగు తీసేవాళ్లూ తప్ప పెద్దగా జనం ఉండరు. ఎనిమిదిన్నర నుంచి పలచగా మొదలవుతారు. పది దాటాక, శని ఆదివారాలైతే మరీ, నడవడం కాదు, వరసలో జరగడమే. సాయంత్రం ఆఫీసులు వదిలాక మళ్లీ నిండుతుంది. సూర్యాస్తమయం కూడా బాగుంటుంది కానీ ఆ వేళ నిలబడే చోటు కోసమే పోటీ.

ఆష్‌బర్న్ వైపు నుంచి వెళ్లడానికి సిల్వర్ లైన్ మెట్రోను మించింది లేదు. 2022 నవంబరులో ఆ లైను ఆష్‌బర్న్ దాకా వచ్చినప్పటి నుంచి కారు ఆలోచనే అక్కర్లేకుండా పోయింది. రైలు మారే పని లేదు. సిల్వర్ లైన్ రైలు తూర్పున ఏ స్టేషను దాకా వెళ్లేదైనా, మనం దిగాల్సిన స్మిత్‌సోనియన్ స్టేషను మీదుగానే వెళుతుంది. ప్రయాణం గంట పైచిలుకు. పనిరోజుల్లో ఐదు గంటల ప్రాంతంలో మొదటి రైళ్లు కదులుతాయి కాబట్టి సూర్యోదయం అందుతుంది. శని ఆదివారాల్లో సర్వీసు ఆలస్యంగా మొదలవుతుంది, ఆ రోజుల్లో రైల్లో వెళితే సూర్యోదయం మీద ఆశ పెట్టుకోవద్దు. చార్జీ పనిరోజుల్లో దూరాన్ని బట్టి, వారాంతంలో దూరంతో పనిలేకుండా తక్కువ. మెట్రో చార్జీకి వాడే స్మార్ట్‌ట్రిప్ కార్డు ఒక్కదానితో ఇద్దరు వెళ్లలేరు, మనిషికొకటి కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ముందురోజే కార్డులు కొని డబ్బులు వేసి పెట్టండి. తిరుగు ప్రయాణంలో స్మిత్‌సోనియన్ స్టేషన్ మిషన్ల ముందు క్యూ చూస్తే ఎందుకు చెప్పానో అర్థమవుతుంది. రద్దీ మరీ ఎక్కువైతే ఇంటికి వెళ్లేటప్పుడు లాన్‌ఫాంట్ ప్లాజా స్టేషను దాకా నడిచి ఎక్కడం నయం. ఓ ఇరవై నిమిషాల నడక, అక్కడా సిల్వర్ లైన్ ఆగుతుంది.

కారులోనే వెళ్లాలంటే సూర్యోదయానికి ముందు చేరితేనే అర్థం. బేసిన్ చుట్టుపక్కల పార్కింగ్ చోట్లు చాలా తక్కువ, ఎనిమిది లోపే నిండిపోతాయి. ఆ తర్వాత ఓహైయో డ్రైవ్ మీద పోలీసులు బండ్లు మళ్లిస్తుంటే తిరిగి వంతెన మీదికి, మళ్లీ వెనక్కి తిరగడమే. ఇంకో మాట: చాలా పాత గైడ్లలో డీసీ సర్క్యులేటర్ ఎర్ర బస్సు ఎక్కమని ఉంటుంది. ఆ సర్వీసును 2024 డిసెంబరు 31తో ఎత్తేశారు. దాని కోసం బస్టాపులో నిలబడకండి.

స్మిత్‌సోనియన్ స్టేషనుకు రెండు దారులు. ఒకటి నేషనల్ మాల్ మైదానం వైపు తేలుతుంది, రెండోది ఇండిపెండెన్స్ అవెన్యూ వైపు. మనకు కావలసింది రెండోది. బయటికి రాగానే పడమటికి తిరిగి, వాషింగ్టన్ మాన్యుమెంట్ స్తంభం కుడివైపు ఉండేలా నడిస్తే పావుగంటలోపే నీళ్లు కనిపిస్తాయి. చాలామంది అక్కడినుంచి ఎడమకు, పెడల్ బోట్ల వైపు మళ్లి నేరుగా జెఫర్సన్ మెమోరియల్‌కు పోతారు. నేను కుడికి, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాను. దానికి కారణం ఎండ. జెఫర్సన్ మెమోరియల్ బేసిన్‌కు ఆగ్నేయాన ఉంది, మార్చి చివర సూర్యుడు దాదాపు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. కట్జ్ వంతెన దాటి వాయవ్య గట్టుకు చేరితే ఎదురుగా నీళ్లు, నీళ్ల అవతల ఆ మెమోరియల్ తెల్లటి గుమ్మటం, దాని ఎడమపక్క చెట్ల మీదుగా పొద్దు. నీటి మీద నీడ కూడా ఈ వేళే నిలకడగా ఉంటుంది. కాసేపటికి గాలి లేస్తుంది, ఇక ఆ నీడ చెదిరిపోతుంది.

వంతెన దాటగానే ఉత్తర గట్టున రాతి దీపస్తంభం ఉంటుంది. 1651లో జపానులో చెక్కింది, 1954లో ఇక్కడికి కానుకగా వచ్చింది. 1912 మార్చి 27న అమెరికా అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య చిండా మొదటి రెండు మొక్కలు నాటింది ఆ దగ్గరే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, టోక్యో నగరం పంపిన రెండు వేల మొక్కలకు పురుగూ తెగులూ పట్టి ఉంటే అధ్యక్షుడి అనుమతితో తగలబెట్టారు. టోక్యో మేయరు యుకియో ఒజాకి నొచ్చుకోకుండా రెండోసారి 3,020 మొక్కలు పంపించాడు. ఆ మొదటి తరం చెట్లు కొన్ని ఈ దీపస్తంభం చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. కాండం లావుగా, వంకర్లు తిరిగి, బెరడు నల్లగా పగిలి ఉన్నవాటి దగ్గర ఆగండి. యోషినో సాధారణంగా యాభై ఏళ్లకు మించి బతకదంటారు, ఇవి వందేళ్లు దాటాయి. ఫొటోల కోసం అందరూ కొత్త చెట్ల గుబురు దగ్గర గుమిగూడతారు కానీ చూడదగ్గవి ఇవే.

అక్కడి నుంచి మార్టిన్ లూథర్ కింగ్ మెమోరియల్, ఆ తర్వాత ఎఫ్‌డీఆర్ (అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్) మెమోరియల్. వీల్‌చైర్‌తో వచ్చినవాళ్లకు, పెద్దవాళ్లకు ఈ పడమటి వైపే హాయి. దారి చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి చోటుంది, టాయిలెట్లు ఉన్నాయి. పొద్దున్నే మ్యూజియంలు తెరిచి ఉండవు కాబట్టి టాయిలెట్ సంగతి ముందే ఆలోచించుకోవాలి, మెట్రోలో ఆ సదుపాయం ఆశించకూడదు. చుట్టూ మొత్తం తిరిగితే 2.1 మైళ్లు, మూడున్నర కిలోమీటర్ల లోపు. ఆగి ఆగి నడిస్తే రెండు గంటలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దీపస్తంభం నుంచి ఎఫ్‌డీఆర్ దాకా చూసి వెనక్కి తిరిగితే పోయేదేమీ లేదు, పూత చిక్కగా ఉండేది ఆ ముక్కలోనే. పిల్లల తోపుడుబండి తెల్లవారుజామున సరే, పదింటికి మాత్రం ఇరుకు. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, పొడుగువాళ్లు తల చూసుకోవాలి.

దక్షిణపు గట్టు దగ్గర కథ వేరు. టైడల్ బేసిన్ మామూలు చెరువు కాదు. పొటోమాక్ నదికి పోటు వచ్చినప్పుడు నీళ్లు ఒక తలుపు గుండా లోపలికి వస్తాయి, ఆటు సమయంలో ఇంకో తలుపు గుండా వాషింగ్టన్ చానెల్ అనే పక్క పాయలోకి పోతూ అక్కడి పూడికను కడుగుతాయి. పందొమ్మిదో శతాబ్దం చివర కట్టిన గోడలు మెత్తటి నేలలోకి కుంగిపోయి, జెఫర్సన్ మెమోరియల్ వైపు రోజుకు రెండుసార్లు పోటు నీరు దారి మీదికి వచ్చేది. వేళ్లు నానిన చెట్లు చచ్చిపోయాయి. అందుకే 2024లో గోడల పునర్నిర్మాణం మొదలుపెట్టి వందకు పైగా చెర్రీ చెట్లను కొట్టేశారు. బోలు కాండంతో, ఒకటి రెండు కొమ్మలతోనే పూస్తూ పేరు తెచ్చుకున్న "స్టంపీ" కూడా అందులో పోయింది. దాని కొమ్మ ముక్కలు తీసుకుని నేషనల్ ఆర్బొరేటమ్‌లో మొక్కలు పెంచుతున్నారు. జపాన్ 250 మొక్కలు ఇస్తామంది. అంటే ఆ వైపు కొత్త చెట్లు పెరిగేదాకా పాత ఫొటోల్లో కనిపించే పూల పందిరి ఉండదు. వెళ్లే ముందు ఏ దారి మూసి ఉందో పార్క్ సర్వీస్ పేజీలో చూసుకోండి.

బట్టల గురించి. వర్జీనియాలో ఇంటి ముందు వెచ్చగా ఉందని పల్చటి చొక్కాతో వస్తే నీటి మీద గాలికి వణకాల్సిందే. ఆ వేళ ఐదారు డిగ్రీలు మామూలు. పొరలు పొరలుగా వేసుకుని తొమ్మిదింటికి ఒక్కోటి తీసేయడమే మంచిది. పట్టులంగాల్లో పిల్లలకు, పట్టుచీరల్లో తమకు ఫొటోలు కావాలనుకునేవాళ్లు చాలామందే వస్తారు. యోషినో పూలు దూరానికి తెల్లగానే కనిపిస్తాయి, గులాబీ ఛాయ అతి పల్చన. కాబట్టి లేత రంగులు అందులో కలిసిపోతాయి. మెరూన్, ముదురు ఆకుపచ్చ, నెమలికంఠం రంగు బాగా తేలతాయి. పచ్చిక మంచుకు తడిసి ఉంటుంది, కుచ్చిళ్లు బురద కాకుండా నడిచేటప్పుడు బూట్లు, ఫొటోకు చెప్పులు. ఫోను కెమెరా తెల్లటి పూలను చూసి వెలుగు ఎక్కువైందనుకుని మొత్తాన్ని బూడిదరంగు చేస్తుంది. తెర మీద పూలను తాకి వెలుగు గుర్తును కొంచెం పైకి జరపాలి. ఆకాశం మబ్బుగా ఉంటే చెట్టు కిందినుంచి పైకి తీయకండి, తెలుపు మీద తెలుపు తప్ప ఏమీ రాదు. నీళ్లనో కాండాన్నో వెనక పెట్టుకోండి. డ్రోన్ మాత్రం తేవద్దు, డీసీలో ఎక్కడా ఎగరేయనివ్వరు.

కొమ్మ వంచి ముఖం దగ్గర పెట్టుకోవడం, రేకలు రాలాలని ఊపడం, పిల్లల్ని పంగలో కూర్చోబెట్టడం, ఇవన్నీ ఆ చెట్టుకు గాయాలే. పువ్వు కోసినా జరిమానా పడొచ్చు. చెర్రీ కొమ్మ విరిగితే మన వేపలా మళ్లీ జోరుగా చిగురించదు, గాయం నుంచి కుళ్లు లోపలికి దిగుతుంది. మొదలు చుట్టూ చాప పరిచినా నష్టమే, మట్టి గట్టిపడి వేళ్లకు గాలి అందదు. పులిహోర, పెరుగన్నం డబ్బాలు విప్పాలంటే గట్టు నుంచి దూరంగా ఉన్న వెస్ట్ పొటోమాక్ పార్కు మైదానానికి వెళ్లండి, చోటూ ఎక్కువ.

యోషినో దాటిపోయిందని బాధపడేవాళ్లకు ఇంకో అవకాశం ఉంది. దాదాపు రెండు వారాల తర్వాత క్వాన్‌జాన్ రకం పూస్తుంది. ముద్దపువ్వు, ముదురు గులాబీ, ఒక్కో పువ్వుకు ముప్పై దాకా రేకలు. ఫొటోల్లో అందరూ ఊహించుకునే గులాబీ చెర్రీ నిజానికి ఇదే. ఇవి ఎక్కువగా ఈస్ట్ పొటోమాక్ పార్కులో, హెయిన్స్ పాయింట్ వైపు ఉన్నాయి. జనం పావు వంతు కూడా ఉండరు. పిల్లలకు నచ్చేదీ, వెచ్చటి ఎండలో చూడగలిగేదీ ఈ పూతే. గుంపులంటే పడనివాళ్లు, కారు తప్పనివాళ్లు న్యూయార్క్ అవెన్యూ పక్కనున్న నేషనల్ ఆర్బొరేటమ్‌కు వెళ్లొచ్చు. 446 ఎకరాలు, ప్రవేశం, పార్కింగ్ ఉచితం. రకరకాల చెర్రీలు ఒకదాని తర్వాత ఒకటి పూస్తాయి కాబట్టి అక్కడ పీక్ గొడవ లేదు. మెరీలాండ్‌లోని కెన్‌వుడ్ వీధులూ అందంగానే ఉంటాయి కానీ అవి జనం ఉండే ఇళ్లు, సందులు ఇరుకు, పార్కింగ్ ఆంక్షలు కఠినం.

మార్చి మొదట్లో ఆష్‌బర్న్ షాపింగ్ సెంటర్ల ముందు తెల్లగా పూసే చెట్లు చూసి చెర్రీ వచ్చేసిందనుకోకండి. అవి చాలావరకు బ్రాడ్‌ఫర్డ్ పియర్ అనే బేరి జాతి చెట్లు. దగ్గరికెళితే కుళ్లిన చేపల వాసన కొడతాయి. చెర్రీని బెరడు పట్టిస్తుంది, కాండం మీద అడ్డంగా సన్నటి గీతలు ఉంటాయి, రేక కొనన చిన్న చీలిక ఉంటుంది.